వారం వారమా, మూడు వారాలకోసారా: మొక్కల నుంచి వచ్చిన కీమో మందుల్లో ఏది ఎవరికి

రొమ్ము క్యాన్సర్‌కి కీమో మొదలైన చాలామందికి చికిత్స సగంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. "పాక్లిటాక్సెల్ వారం వారం 12 సార్లు ఇద్దామా, డోసిటాక్సెల్ మూడు వారాలకోసారి 4 సార్లు ఇద్దామా?" డాక్టరు గారు రెండు మాటల్లో చెప్పి, రేపు వచ్చేటప్పుడు నిర్ణయించుకుని రమ్మంటారు. పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళకి ఇదే ప్రశ్న ఇరినోటెకాన్ పేరుతో వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్ళకి డ్రిప్పా, క్యాప్సూలా అన్న రూపంలో వస్తుంది.

ఈ మందులన్నీ చెట్ల నుంచి వచ్చినవే. అంతమాత్రాన మెత్తనివి కావు. ఒకటి నరాల మీద దెబ్బ తీస్తుంది, ఒకటి రక్తకణాల మీద, మరొకటి పేగుల మీద. క్యాన్సర్ మీద రెండు మందులూ దాదాపు సమానంగా పనిచేసే చోట, ఎంపిక అంటే ఈ మనిషి ఏ దెబ్బకి తట్టుకోగలరో చూసుకోవడమే. సమానం కాని చోట ఎంపిక అనేదే లేదు. ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది ముందు తెలియాలి.

లోపల ఏం చేస్తాయి

కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి గొట్టాల్లాంటి పోగులు లేస్తాయి. క్రోమోజోములను రెండు పక్కలకీ లాగి, పని కాగానే విడిపోతాయి. పెళ్ళి పందిరికి గుంజలు పాతి, పెళ్ళయ్యాక పీకేసినట్టు. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, వాటి చెల్లెలు వినోరెల్బిన్ గుంజలు పాతనివ్వవు. యూ చెట్టు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ పాతిన గుంజలు పీకనివ్వవు. ఎటు చూసినా కణం మధ్యలో ఇరుక్కుని చనిపోతుంది.

చిక్కల్లా, నరాల్లో ఉండేవీ అవే గొట్టాలు. వెన్ను దగ్గర నుంచి కాలి బొటనవేలి దాకా సరుకు మోసే పట్టాలు అవి. పొడవైన నరం ముందు దెబ్బతింటుంది కాబట్టి తిమ్మిరి కాలివేళ్ళలో మొదలై, తర్వాత చేతివేళ్ళకి వస్తుంది.

రెండో కుటుంబం వేరు. డీఎన్‌ఏ నులకతాడులా మెలితిరిగి ఉంటుంది. ఆ మెలి విప్పడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైము తాడును కోసి, తిప్పి, మళ్ళీ అతికిస్తుంది. చైనా చెట్టు కాంప్టోథెకా నుంచి వచ్చిన ఇరినోటెకాన్, టోపోటెకాన్ ఒక పోగు కోసిన చోట అతుకు పడనివ్వవు. మేయాపిల్ మొక్క వేరులోని పదార్థం నుంచి తయారైన ఎటోపోసైడ్ రెండు పోగులూ కోసిన చోట అతుకు పడనివ్వదు. వీటికి నరాలతో పెద్దగా పేచీ లేదు. వేగంగా పుట్టే రక్తకణాలు, పేగు లోపలి పొర వీటి దెబ్బకి ముందు లొంగుతాయి.

పాక్లిటాక్సెల్: మొదటి పది నిమిషాలు

అమెరికా పడమటి తీరపు యూ చెట్టు బెరడు 1962లో సేకరించారు. దాని రసాయన నిర్మాణం 1971లో బయటపడింది. ఎలా పనిచేస్తుందో 1979లో తెలిసింది. మందుగా అనుమతి 1992లో దొరికింది. ఇంత ఆలస్యానికి ఒక కారణం, ఈ పదార్థం నీళ్ళలో కరగదు. కరిగించడానికి ఆముదం నుంచి తయారుచేసిన ఒక నూనెలాంటి ద్రవం, ఆల్కహాల్ వాడారు. మన పాలమూరు, నల్గొండ చేలల్లో పండే ఆముదమే దానికి మూలం. పాక్లిటాక్సెల్‌తో వచ్చే అలర్జీకి చాలావరకు ఆ ద్రవమే కారణం.

డ్రిప్ మొదలైన మొదటి పది నిమిషాలు, అందులోనూ మొదటి రెండు సైకిళ్ళు (మందు ఇచ్చే తడవలు) జాగ్రత్తగా చూడాలి. ముఖం ఒక్కసారిగా ఎర్రబడుతుంది, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది, నడుము పట్టేసినట్టు నొప్పి వస్తుంది. నడుము నొప్పిని కుర్చీలో కూర్చున్నందుకు అనుకుని చాలామంది ఓర్చుకుంటారు. ఓర్చుకోకండి, వెంటనే సిస్టర్‌ని పిలవండి. డ్రిప్ ఆపి, మందులిచ్చి, కాసేపయ్యాక నెమ్మదిగా మళ్ళీ మొదలుపెడితే చాలామందికి మిగతాది సాఫీగా పూర్తవుతుంది.

దీన్ని ఆపడానికే ముందుగా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, అలర్జీ సూది, ఎసిడిటీ సూది ఇస్తారు. మందు ఎక్కించే ట్యూబు మామూలు పీవీసీది కాకూడదు, మధ్యలో 0.22 మైక్రాన్ల ఫిల్టరు ఉండాలి. బయట మందుల షాపులో సెట్ కొనుక్కు రమ్మన్నప్పుడు ఈ రెండూ చీటీలో రాయించుకోండి. షాపు వాళ్ళు మామూలు సెలైన్ సెట్ చేతిలో పెట్టేస్తే, డే కేర్‌లో మళ్ళీ పరుగెత్తాల్సి వస్తుంది.

ఆల్కహాల్ సంగతి కూడా చూద్దాం. 5 అడుగుల 2 అంగుళాలు, 60 కిలోల మనిషికి శరీర ఉపరితలం సుమారు 1.6 చదరపు మీటర్లు. మూడు వారాల డోసు చదరపు మీటరుకు 175 మి.గ్రా. చొప్పున 280 మి.గ్రా. అవుతుంది. అంటే దాదాపు 47 మి.లీ. మందు, అందులో సగం ఆల్కహాలే. పైగా అలర్జీ సూది మత్తు. ఆ రోజు బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్ళాలనుకోవద్దు.

వారం వారమా, మూడు వారాలకోసారా

రొమ్ము క్యాన్సర్‌లో దీనికి గట్టి ఆధారం ఉంది. దాదాపు 5 వేల మందితో అమెరికాలో చేసి 2008లో ప్రచురించిన ట్రయల్‌లో, వారం వారం ఇచ్చిన పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి ఇచ్చిన పాక్లిటాక్సెల్ కంటే మెరుగ్గా పనిచేసింది. మూడు వారాలకోసారి డోసిటాక్సెల్ కూడా క్యాన్సర్ తిరిగి రాకుండా ఆపడంలో మూడు వారాల పాక్లిటాక్సెల్ కంటే మెరుగే. కాబట్టి రొమ్ము విషయంలో పోటీ వారం పాక్లిటాక్సెల్‌కీ మూడు వారాల డోసిటాక్సెల్‌కీ మధ్యనే. రాను పోను శ్రమ తగ్గుతుందని పాక్లిటాక్సెల్‌నే మూడు వారాలకోసారి చేయమని అడగడం మంచి బేరం కాదు. అండాశయ క్యాన్సర్‌లో మాత్రం కార్బోప్లాటిన్ అనే ఇంకో కీమో మందుతో కలిపి మూడు వారాలకోసారి ఇవ్వడం మామూలు పద్ధతే. ఒక క్యాన్సర్ లెక్క ఇంకోదానికి పనికిరాదు.

వారం డోసు చదరపు మీటరుకు 80 మి.గ్రా., గంటసేపు. ఒక్కో డోసు చిన్నది కనుక రక్తకణాల కౌంట్లు అంతగా పడవు, మనిషి కూడా తట్టుకుంటారు. మొత్తం కూడితే మాత్రం ఎక్కువ: 12 వారాల్లో 960, మూడు వారాల పద్ధతిలో 4 సార్లు కలిపి 700. తిమ్మిర్లు అందుకే ఎక్కువ. ఆ ట్రయల్‌లోనే చెప్పుకోదగ్గ నరాల బాధ వారం పద్ధతిలో 27 శాతం మందికి, మూడు వారాల పద్ధతిలో 20 శాతం మందికి వచ్చింది.

డోసిటాక్సెల్ నరాలను కాస్త మన్నిస్తుంది, రక్తాన్ని మన్నించదు. ఏడో ఎనిమిదో రోజుకి తెల్లకణాలు అట్టడుగుకి పడతాయి. అందుకే చాలాచోట్ల మర్నాడు, అంటే కనీసం 24 గంటలు గడిచాక, కౌంట్ల సూది పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మి.గ్రా. ఇస్తారు. "మళ్ళీ రేపు ఎందుకు, ఈరోజే వేసేయండి" అని అడగకండి. అప్పుడే పుట్టిన కణాలను ఒంట్లో ఇంకా ఉన్న కీమో చంపేస్తుంది. డోసిటాక్సెల్‌తో కాళ్ళ వాపు, గోళ్ళు నల్లబడి లేచిపోవడం, కళ్ళ వెంట ఆగకుండా నీరు కారడం కూడా ఉంటాయి. డ్రిప్ నడిచేటప్పుడు చల్లని గ్లవ్స్ వేసుకుంటే గోళ్ళకు బాగా ఉపయోగం. రెండు మందులతోనూ జుట్టు పోతుంది. డోసిటాక్సెల్‌తో కొద్దిమందికి జుట్టు పూర్తిగా తిరిగి రాదు. ఈ మాట ముందే చెప్పించుకోవాలి.

ఇక దూరం. ఎల్బీనగర్‌లో ఉండి మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి 12 వారాలు సమస్య కాకపోవచ్చు. మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగేవాళ్ళకి, తోడుగా వచ్చే మనిషి కూలీ పోగొట్టుకునేవాళ్ళకి అది భారం. కానీ డోసిటాక్సెల్ తీసుకుని ఇంటికెళ్ళాక ఎనిమిదో రోజు రాత్రి జ్వరం వస్తే, గంటలో ఏ ఆసుపత్రికి చేరగలరు? ఆ ప్రశ్నకి జవాబు లేని ఊళ్ళో ఉంటే వారం పద్ధతే మేలని నేనంటాను. అవసరమైతే ఆ మూడు నెలలూ నగరంలో బంధువుల ఇంట్లో ఉండైనా సరే.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి

ఇక్కడ ఎంపిక నిజంగా కష్టం. షుగర్ వల్ల అప్పటికే అరికాళ్ళు మండుతున్న మనిషికి వారం పాక్లిటాక్సెల్ ఇస్తే ఆ నరాల మీద ఇంకో దెబ్బ పడుతుంది. పోనీ డోసిటాక్సెల్ అంటే, వాపు రాకుండా డెక్సామెథాసోన్ 8 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, కీమోకి ముందురోజు మొదలుపెట్టి మూడు రోజులు మింగాలి. సైకిల్‌కి 48 మి.గ్రా. షుగర్ 400 దాటినా ఆశ్చర్యం లేదు. పాక్లిటాక్సెల్‌కైతే స్టెరాయిడ్ ఒక్క రోజే. మొదటి రెండు మూడు డోసులు ఇబ్బంది లేకుండా గడిస్తే చాలామంది డాక్టర్లు దాన్నీ తగ్గిస్తారు.

నా అభిప్రాయం ఇది. కాళ్ళలో మంట, మొద్దుబారడం ఇప్పటికే ఉంటే డోసిటాక్సెల్ వైపు మొగ్గి, స్టెరాయిడ్ మింగే ఆ రోజుల్లో షుగర్‌ని ఇన్సులిన్‌తో గట్టిగా పట్టుకోవాలి. నరాలు బాగుండి, షుగర్ మాత్రమే అదుపు తప్పుతుంటే పాక్లిటాక్సెల్. షుగర్ నాలుగు రోజుల్లో దిగుతుంది, చచ్చిన నరం నెలలు పట్టినా పూర్తిగా లేవకపోవచ్చు.

స్టెరాయిడ్ రోజుల్లో పొద్దున్నే పరగడుపు షుగర్ చూసి సంతోషపడిపోకండి. డెక్సామెథాసోన్ మధ్యాహ్నం, సాయంత్రమే ఎక్కువగా పెంచుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత చూడాలి. రెండో మాత్ర సాయంత్రం నాలుగైదింటిలోపు, తిన్నాక వేసుకోవాలి, లేకపోతే రాత్రంతా నిద్ర ఉండదు. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: డెక్సామెథాసోన్ 0.5 మి.గ్రా. మాత్రలూ ఉంటాయి, 4 మి.గ్రా. మాత్రలూ ఉంటాయి. చీటీలో 8 మి.గ్రా. అని ఉంటే 4 మి.గ్రా. మాత్రలు రెండు. చిన్న మాత్ర ఒకటి మింగి వస్తే మందు వేసుకోనట్టే లెక్క, ఆ రోజు కీమో వాయిదా పడవచ్చు.

నాబ్-పాక్లిటాక్సెల్: ఖరీదు ఎందుకు, ఎవరికి

ఆముదపు ద్రవం తీసేసి, పాక్లిటాక్సెల్‌ని మనిషి రక్తంలోని ఆల్బుమిన్ రేణువులకు చుట్టి తయారుచేసింది ఇది. పాలలా తెల్లగా ఉంటుంది. అరగంటలో అయిపోతుంది. స్టెరాయిడ్ సాధారణంగా అక్కర్లేదు. పాక్లిటాక్సెల్‌తో గట్టి అలర్జీ వచ్చినవాళ్ళకి, షుగర్ ఎంతకీ లొంగనివాళ్ళకి ఇది నిజంగా ఉపయోగం. కానీ "దీంతో తిమ్మిర్లు రావు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడు వారాల డోసు చదరపు మీటరుకు 260 మి.గ్రా. కనుక తిమ్మిర్లు ఎక్కువే వస్తాయి, కాకపోతే మందు ఆపాక త్వరగా తగ్గుతాయి. రెండు మందుల డోసులు వేరు, ఒకదాని బదులు అదే లెక్కతో ఇంకోటి ఎక్కించకూడదు. పాక్లిటాక్సెల్‌కి పెట్టిన ఆ సన్నటి ఫిల్టరు దీనికి పెట్టకూడదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ. 10 లక్షలకు పెరిగింది. అయినా చికిత్స ప్యాకేజీలో ఏ మందు వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో ఆరోగ్యమిత్ర దగ్గర మొదటి సైకిల్‌కి ముందే అడగండి. డబ్బుకి కటకటగా ఉంటే మామూలు పాక్లిటాక్సెల్ తీసుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు.

తిమ్మిరి ఎక్కడ ఆగాలి

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులకు రాళ్ళు అతికే చేతులు, కుట్టు మిషన్ మీద బతికే చేతులు, మల్లెపూలు మాలకట్టే చేతులు. వీళ్ళ పని మొదటి రోజే డాక్టరు గారికి చెప్పాలి, ఎంపిక మారవచ్చు. మిగతావాళ్ళు ప్రతి డోసుకి ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. జాకెట్టు హుక్కులు చూడకుండా పెట్టుకోగలుగుతున్నారా? పర్సులో రూపాయి బిళ్ళనీ రెండు రూపాయల బిళ్ళనీ వేళ్ళతోనే తేడా కట్టగలుగుతున్నారా? చెప్పు కాలి నుంచి జారిపోతే తెలుస్తోందా? "కాస్త తిమ్మిరి" అని చెబితే డాక్టరు రాసుకుని వదిలేస్తారు. "హుక్కులు పెట్టుకోలేకపోతున్నాను" అని చెబితే డోసు తగ్గిస్తారు, లేదా ఆపుతారు. పని చెడే దశకి వచ్చాక కూడా 12 పూర్తిచేయాలన్న పంతం వద్దు.

నరాల బలానికని అమ్మే మాత్రల్లో ఏముందో చదవండి. అసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంటే వేసుకోవద్దు. టాక్సేన్ (పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటివి) తీసుకుంటున్నవాళ్ళలో అది తిమ్మిరిని తగ్గించకపోగా పెంచిందని ట్రయల్‌లో తేలింది. బి6 ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే అదే నరాలను చెడగొడుతుంది. నొప్పితో కూడిన తిమ్మిరికి కాస్తో కూస్తో ఆధారం ఉన్న మందు డ్యులోక్సెటిన్ ఒక్కటే.

పెద్దపేగు: ఇరినోటెకానా, ఆక్సాలిప్లాటినా

ఆపరేషన్ అయ్యాక మూడో దశకి ఇచ్చే కీమో అయితే ఈ ప్రశ్న లేదు. అక్కడ ఇరినోటెకాన్ వల్ల లాభం కనిపించలేదు, ఆక్సాలిప్లాటినే. నాలుగో దశలో మాత్రం ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లో ఆయుష్షులో పెద్ద తేడా లేదు. అక్కడ ఎంపిక మీది.

ఆక్సాలిప్లాటిన్ మొక్క నుంచి వచ్చింది కాదు, ప్లాటినం మందు. చల్లని నీళ్ళు గొంతులో ముళ్ళలా గుచ్చుకుంటాయి, తిమ్మిర్లు పోగుపడతాయి. ఇరినోటెకాన్‌తో ఆ బాధ లేదు, విరేచనాల బాధ ఉంది. రెండు రకాల విరేచనాలకి మందులు వేరు. డ్రిప్ నడుస్తుండగానో, ఆ రోజులోపో చెమటలు, నోట్లో నీళ్ళూరడం, కడుపు మెలిపెట్టడంతో వచ్చేదానికి అట్రోపిన్ సూది. 24 గంటలు దాటాక వచ్చేదే ప్రమాదకరం. మొదటి పల్చటి విరేచనానికే లోపెరమైడ్ 2 మి.గ్రా.వి రెండు వేసుకుని, తర్వాత రెండు గంటలకొకటి, రాత్రిపూట నాలుగు గంటలకి రెండు, 12 గంటలు విరేచనం కాకుండా గడిచేదాకా. మామూలు విరేచనాలకి చెప్పే హద్దుని ఇది దాటుతుంది కాబట్టి మందుల షాపు వాళ్ళు భయపెడతారు. డాక్టరు గారు చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే ఆ భయం ఉండదు. 24 గంటల్లో ఆగకపోయినా, జ్వరం తోడైనా ఆసుపత్రిలో చేరాల్సిందే. ఏప్రిల్, మే ఎండల్లో ఒక్క రోజులో మనిషి నీరసించి కిడ్నీలు దెబ్బతింటాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. పాలు ఆపి, గంజి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తీసుకోండి.

ఒక్క సంగతి తప్పకుండా డాక్టరుకి చెప్పాలి. ఎప్పుడో కళ్ళు పచ్చబడి పసరు మందు వేయించుకున్నా, ఉపవాసం ఉన్నప్పుడల్లా బిలిరుబిన్ కొంచెం ఎక్కువగా వచ్చి మిగతా లివర్ పరీక్షలు మామూలుగా ఉన్నా, అది గిల్బర్ట్ అనే పుట్టుక లక్షణం కావచ్చు. వాళ్ళ ఒంట్లో ఇరినోటెకాన్ త్వరగా బయటికి పోదు. యూజీటీ1ఏ1 జన్యు పరీక్ష చేసి డోసు తగ్గిస్తారు, లేదా ఇంకో మందుకి మారుస్తారు.

ఎంపిక లేని చోట్లు

పిల్లల రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్‌కి బదులు లేదు. వృషణాల క్యాన్సర్‌లో ఎటోపోసైడ్‌కి దాదాపు అంతే. అక్కడ మీ శ్రద్ధంతా మందుని జాగ్రత్తగా తీసుకోవడం మీదే ఉండాలి.

విన్‌క్రిస్టిన్ చదరపు మీటరుకు 1.4 మి.గ్రా., సాధారణంగా 2 మి.గ్రా. దాటనివ్వరు. సిరలోకి మాత్రమే. వెన్నులోకి వెళితే ప్రాణం పోతుంది. అందుకే సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వెన్ను సూదీ విన్‌క్రిస్టిన్ ఒకే రోజు ఉంటే, సంచిలోనే ఇస్తున్నారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు. మందు సిర బయటికి కారితే ఐస్ పెట్టకండి, ఈ కుటుంబానికి వేడి కాపడమే. మలబద్ధకం బిగుసుకుని పేగులు కదలకుండా పోతాయి కాబట్టి లాక్టులోజ్ లాంటిది ఇచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలి, మూడు రోజులు ఆగి కాదు. పిల్లవాడు నడిచేటప్పుడు పాదం టపటపా నేలకి కొడుతుంటే వెంటనే చెప్పాలి. తామరకి చర్మ వైద్యులు రాసే ఇట్రాకోనజోల్ విన్‌క్రిస్టిన్ విషాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. కీమో ఫైలు చూపించకుండా ఇంకే డాక్టరు దగ్గరా మందు రాయించుకోవద్దు.

వినోరెల్బిన్ డ్రిప్‌గానూ ఉంది, క్యాప్సూల్‌గానూ ఉంది. సిరలు దొరకని పెద్దవాళ్ళకి క్యాప్సూల్ వరం. కానీ ఫ్రిజ్‌లో ఉంచాలి, కాస్త తిన్నాక నమలకుండా మింగాలి, చితికిన దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. మాత్రే కదా అని కౌంట్ల పరీక్ష మానేయకూడదు. డ్రిప్ అంతే గట్టిగా ఇదీ తెల్లకణాలను పడగొడుతుంది.

పెరట్లో బిళ్ళగన్నేరు ఆకు నూరి తాగితే ఇదే ఫలం వస్తుందని చెప్పేవాళ్ళు ప్రతి బస్తీలో ఉంటారు. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. గ్లాసుడు కషాయంలో క్యాన్సర్‌ని ఆపేంత మందు ఉండదు, షుగర్‌ని, బీపీని పడగొట్టి పైనున్న మందులతో పేచీ పెట్టే ఇతర పదార్థాలు మాత్రం ఉంటాయి.

జ్వరం వచ్చిన రాత్రి

ఏ మందు ఎంచుకున్నా ఇది ఒకటే. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే అది అత్యవసరం. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, ఇన్ఫెక్షన్‌ని ఆపదు. క్యాజువాలిటీలో మీరెవరో తెలియని డ్యూటీ డాక్టరు ఉంటారు. "కీమో పేషెంట్, ఈ మందు, ఈ తేదీన ఇచ్చారు, ఇది ఎనిమిదో రోజు" అన్న మాట ముందు చెప్పండి. డిశ్చార్జి కాగితం, చివరి కౌంట్ల రిపోర్టు ఫోటోలు తోడు వచ్చే మనిషి ఫోనులో కూడా ఉండాలి, పేషెంట్ ఫోనులో ఒక్కదాంట్లో కాదు.